బోరు మోటారుకు చేరు విద్యుత్తు ఎంత? – వోల్టు, ఆంపియరు, ఓముల లెక్క



మంచాల మండలములోని ఆరుట్ల, లోయపల్లి వంటి గ్రామములలో బోరుబావులపై ఆధారపడి పంట పండించు రైతులు పెక్కుమంది కలరు. ఇది రాతినేల. నీరు పడిన చోటనే బోరు దింపవలెను. అందువలన స్టార్టరు పెట్టె ఒక గట్టున, బోరు మరియొక గట్టున ఉండును. నడుమ తీగ 200 మీటర్లు సాగుట అరుదు కాదు. మోటారు కాలినప్పుడు "కరెంటు బాగులేదు" అని అందుము. అది కొన్నిసార్లు నిజమే. కాని కొన్నిసార్లు లోపము మన తీగలోనే ఉండును. ఏది లోపమో తెలిసికొనుటకు చిన్న లెక్కలు చాలును.

మూడు మాటల అర్థము

చెరువులో నీటి మట్టము ఎంత ఎత్తున ఉన్నదో, తూమునుండి నీరు అంత బలముగా దూకును. విద్యుత్తులో ఈ బలమే వోల్టేజి. దీనిని వోల్టులలో కొలుతురు. కాలువలో పారు నీటి పరిమాణము వంటిది కరెంటు. దీనిని ఆంపియర్లలో కొలుతురు. కాలువ ఇరుకైనను, పూడినను నీటికి అడ్డు కలుగును. తీగలోని అట్టి అడ్డే నిరోధము. దీనికి కొలత ఓము. ఈ మూడింటి సంబంధమును 1827లో జర్మనీ దేశస్థుడు జార్జి సైమన్ ఓమ్ ప్రకటించెను.

వోల్టులను ఆంపియర్లతో భాగించిన ఓములు వచ్చును. వోల్టులను ఆంపియర్లతో గుణించిన వాట్లు వచ్చును. వేయి వాట్లు ఒక గంట వాడిన ఒక యూనిట్.

ఉదాహరణకు పశువుల కొట్టములో 240 వోల్టులపై వెలుగు పాతరకపు బల్బు పావు ఆంపియరు తీసికొనుచున్నదనుకొనుడు. దాని నిరోధము 240 ÷ 0.25 = 960 ఓములు. అది వాడు శక్తి 240 × 0.25 = 60 వాట్లు.

తీగ మింగు శక్తి

ఇప్పుడు బోరువద్దకు వత్తము. 5 అశ్వశక్తి మోటారు నడుచుచుండగా ప్రతి తీగలో 10 ఆంపియర్లు పారుచున్నవి. స్టార్టరువద్ద రెండు ఫేజుల నడుమ 415 వోల్టులు, బోరువద్ద 389 వోల్టులు ఉన్నవనుకొనుడు. దారిలో 26 వోల్టులు తగ్గినవి. ఇది మూడు ఫేజుల మోటారు గనుక 26ను 1.732తో భాగించవలెను. ఒక్కొక్క తీగలో తగ్గినది 15 వోల్టులని తేలును.

తీగ నిరోధము: 15 ÷ 10 = 1.5 ఓములు.
ఒక తీగలో వృథా: 15 × 10 = 150 వాట్లు.
మూడు తీగలలో వృథా: 450 వాట్లు.

రోజుకు పది గంటలు నడిపినచో నాలుగున్నర యూనిట్లు నీరు తోడక తీగను వేడిచేయుటకే పోవును. 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ 200 మీటర్లు లాగినచో వచ్చు నిరోధము ఇంచుమించు ఇదే. దాని బదులు 6 చదరపు మిల్లీమీటర్ల తీగ వేసినచో తగ్గుదల 11 వోల్టులకు, వృథా 190 వాట్లకు దిగును. అంతే లావు అల్యూమినియము తీగ నిరోధము రాగికంటె ఒకటిన్నర రెట్లకు పైగా ఉండునని మరువరాదు.

వదులుగా చుట్టిన ఒక్క అతుకు నిరోధము అర ఓము ఉన్నను 10 ఆంపియర్లకు అక్కడ 50 వాట్ల వేడి పుట్టును. అతుకు నల్లబడి కాలుటకు కారణమిదే.

వోల్టేజి తగ్గిన ఏమగును?

పంపు పని తగ్గదు గనుక మోటారు ఎక్కువ కరెంటు లాగును. 415 వోల్టులకు 10 ఆంపియర్లు తీయు మోటారు 350 వోల్టులకు సుమారు 12 ఆంపియర్లు తీయును. వైండింగులోని వేడి కరెంటు వర్గమునుబట్టి పెరుగును గనుక అది నూటికి 40 పాళ్లు హెచ్చగును. మోటారు కాలుట ఇట్లే మొదలగును.

ఒక హెచ్చరిక: నడుచుచున్న మోటారు వోల్టులను ఆంపియర్లతో భాగించి అదే వైండింగు నిరోధమనుకొనరాదు. తిరుగు మోటారు తనలోనే ఎదురు వోల్టేజి పుట్టించును. ఈ భాగహారము తీగకు, బల్బుకు, హీటరుకు మాత్రమే తగును.

చేయవలసిన పనులు

1. మోటారు నడుచుచుండగా రెండు చోట్ల వోల్టేజి, తీగలో కరెంటు తెలిసిన ఎలక్ట్రీషియనుచేత కొలిపించి వ్రాసియుంచుకొనుడు. మీరు స్వయముగా తీగ ముట్టరాదు.
2. స్టార్టరువద్దనే వోల్టేజి తక్కువగా ఉన్నచో లోపము లైనుది. విద్యుత్ శాఖవారికి తెలుపుడు. స్టార్టరువద్ద సరిగా ఉండి బోరువద్ద తగ్గినచో లోపము మీ తీగది, లేదా అతుకుది.
3. అతుకులు తగ్గించుడు, ఉన్నవానిని బిగించి, తడి చేరకుండ కప్పించుడు.
4. ఓవర్‌లోడు రిలేను మోటారు పలకపై వ్రాసిన ఆంపియర్లకు సరిచేయించుడు. మాటిమాటికి పడిపోవుచున్నదని దానిని తీసివేయరాదు.
5. మోటారుకు, స్టార్టరు పెట్టెకు ఎర్తు తప్పక వేయించుడు.

తెలంగాణలో 2018 జనవరి 1 నుండి వ్యవసాయమునకు 24 గంటల ఉచిత విద్యుత్తు ప్రారంభమైనది. బిల్లు లేదు గదాయని తీగలో పోవు యూనిట్లను మనము లెక్కింపము. కాని వైండింగు ఉచితము కాదు. కాలిన మోటారును పైకి తీసి బాగుచేయించి మరల దింపులోపల ఎండిన మడి తిరిగి రాదు. లావు తీగ ఖరీదును ఆ నష్టముతో పోల్చి చూచుకొనుడు.