గుహోద్యోగము, రేడాన్ వాయువు

ప్రశ్న: మా అబ్బాయి బెలుం గుహలలో యాత్రికులకు దారి చూపు పనిలో చేరినాడు. లోపల రేడాన్ ఉండునట గదా! మాన్పింపవలెనా?
— ఒక తండ్రి, అమలాపురము

జవాబు: గోదావరి ఒండ్రునేలపై, కొబ్బరితోటల గాలిలో పెరిగిన కుమారుడు పాతాళమున పనిచేయుచున్నాడన్న తమ కలవరము సహజమే. రేడాన్ వర్ణము గాని వాసన గాని లేని వాయువు. శిలలలో అత్యల్పముగా నుండు యురేనియము క్రమక్షయముచే రేడియమై, పిదప రేడానై వెలువడును. 3.8 దినములలో అందు సగము నశించును గాని, నశించునపుడు పుట్టు పొలోనియము వంటి ఘనకణములు ధూళినంటి ఊపిరితిత్తులలో నిలిచి ఆల్ఫా కిరణములను వెదజల్లుటయే అసలు కీడు.

పొలముల నడుమ బావివలె తెరచుకొను ద్వారమున దిగి, 3,229 మీటర్ల పొడవున ఉక్కతో నిండిన ఆ సున్నపురాతి సొరంగములలో గంటసేపు తిరిగి వెడలు యాత్రికునకు భయము లేదు. ఏండ్ల తరబడి అచటనే శ్వాసించు ఉద్యోగి సంగతి వేరు. గాలి కదలిక తగ్గినకొలది రేడాన్ పేరుకొనును, ఋతువును బట్టి మారును. కావున ఒకనాటి కొలత చాలదు. చిన్న ఫిల్ము పరికరమును మూడేసి నెలలు వ్రేలాడదీసి, వేసవిలోను శీతకాలములోను కొలువవలెను. పనిచోట ఘనమీటరునకు 1000 బెకరెల్లు మించరాదని అంతర్జాతీయ అణుశక్తి సంస్థ నియమము.

ఉద్యోగము మాన్పింపవలదు. కొలత తీయింపుడని, గుహలోనికి గాలిని పంపు యంత్రములను ఆపవలదని, లోపలి పనిని వంతులవారీగా పంచుడని అధికారులకు వ్రాతపూర్వకముగా విన్నవింపజేయుడు. అబ్బాయికి పొగత్రాగు అలవాటున్నచో నేడే మాన్పింపుడు: రేడాన్‌తో పొగ కలిసినచో ఊపిరితిత్తుల క్యాన్సరు ముప్పు అనేక రెట్లగును.