పావగడ ఎండ నగరానికి చేరే దారి

తుమకూరు జిల్లా పటాన్ని చూస్తే ఈశాన్య కొసన పావగడ తాలూకా ఆంధ్రదేశంలోనికి చొచ్చుకొని పోయినట్లు కనిపిస్తుంది. దానికి మూడు వైపులా అనంతపురం, శ్రీ సత్యసాయి జిల్లాల గ్రామాలే ఉన్నవి. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం, సంతలో రెండూ వినిపించే ఊళ్ళు అక్కడ అనేకం. వానను నమ్మి వేరుశనగ విత్తి, పంట చేతికి రాని ఏడాది బెంగళూరు బస్సెక్కిన కుటుంబాలకు కూడా కొదువ లేదు. అటువంటి కుటుంబాలు విడిచి వచ్చిన పొలాలలో కొన్నింట నేడు విద్యుత్తు ఉత్పత్తి అవుతున్నది. ఆ విద్యుత్తు నగరానికి ఏ దారిన చేరుతున్నది, ఏ వేళకు చేరుతున్నది, ఏ వేళకు చేరలేకపోతున్నది అన్నదే గ్రిడ్డు ప్రణాళికలోని అసలు పాఠం.

పావగడ సౌర విద్యుత్ పార్కుకు ప్రభుత్వం పెట్టిన పేరు శక్తి స్థల. తిరుమణి, బలసముద్ర, క్యాతగానచెర్లు, వళ్ళూరు, రాయచెర్లు అనే ఐదు గ్రామాల పరిధిలో సుమారు 13,000 ఎకరాలలో అది విస్తరించి ఉన్నది. దాని నిర్మాణానికై 2015లో కర్ణాటక సౌర విద్యుత్ అభివృద్ధి సంస్థ ఏర్పడినది. అది రాష్ట్రానికి చెందిన పునరుత్పాదక ఇంధన సంస్థ, కేంద్రానికి చెందిన సౌర ఇంధన సంస్థ కలిసి నెలకొల్పిన ఉమ్మడి సంస్థ. మొదటి 600 మెగావాట్లు సిద్ధమైన తరువాత 2018 మార్చి 1న పార్కు ప్రారంభమైనది. 2019 చివరికి మొత్తం సామర్థ్యం 2,050 మెగావాట్లకు చేరినది.

ఈ మెగావాట్ల లెక్కను జాగ్రత్తగా చదవాలి. 2,050 అన్నది నిండు ఎండలో అందగల గరిష్ఠ శక్తి మాత్రమే. తెల్లవారుజామున అది సున్న, మబ్బు పట్టిన వేళ అందులో కొంత భాగం, రాత్రి మళ్ళీ సున్న. ఏడాది పొడవునా సగటు తీస్తే సౌర ఫలకాలు తమ సామర్థ్యంలో ఐదో వంతు నుండి నాలుగో వంతు వరకు మాత్రమే ఇవ్వగలవు. కాబట్టి 2,050 మెగావాట్ల సౌర పార్కునూ అంతే సామర్థ్యం గల బొగ్గు కేంద్రాన్నీ ఒకే తూకంలో వేయడం పొరపాటు.

ఫలకాల నుండి వచ్చే ఏకముఖ విద్యుత్తును ఇన్వర్టర్లు ఏకాంతర విద్యుత్తుగా మారుస్తాయి. అది పార్కులోని ఉపకేంద్రాలలో 220 కిలోవోల్టులకు, అక్కడి నుండి పవర్‌గ్రిడ్ సంస్థవారి పెద్ద ఉపకేంద్రంలో 400 కిలోవోల్టులకు చేరుతుంది. వోల్టేజీని ఇంతగా పెంచడానికి కారణం ఉన్నది. వోల్టేజీ రెట్టింపయితే అదే శక్తిని మోయడానికి తీగలో ప్రవహించవలసిన కరెంటు సగమవుతుంది. తీగ వేడెక్కడం వలన కలిగే నష్టం అప్పుడు నాలుగో వంతుకు దిగిపోతుంది. నూటయాభై కిలోమీటర్లు దాటి ప్రయాణించవలసిన విద్యుత్తుకు ఇది చిన్న సంగతి కాదు.

లైన్ల విషయంలో ప్రణాళికకు మొదటి పరీక్ష ఎదురవుతుంది. నేల చదునుగా దొరికితే సౌర ఫలకాలను ఏడాది, ఏడాదిన్నరలో నిలబెట్టవచ్చును. 400 కిలోవోల్టుల లైను అంత త్వరగా పూర్తి కాదు. సర్వే, అనుమతులు, స్తంభాలకు స్థలం, రైతులకు పరిహారం అన్నీ కలిసి మూడేళ్ళు, ఒక్కొక్కసారి అంతకంటే ఎక్కువ పడుతుంది. ఫలకాలు ముందు వచ్చి లైను వెనుకబడితే ఎండ ఉన్నా ఉత్పత్తిని ఆపివేయవలసి వస్తుంది. చైనాలోని గాన్సు రాష్ట్రంలో గాలిమరలు వేగంగా వెలిశాయి. వాటి విద్యుత్తును దూరపు నగరాలకు చేర్చే లైన్లు, అక్కడ దానిని కొనే ఏర్పాటు ఆ వేగాన్ని అందుకోలేదు. 2016లో అక్కడ ఉత్పత్తి చేయగలిగిన పవన విద్యుత్తులో నలభై శాతానికి పైగా వృథా అయినది.

పావగడలో ఈ చిక్కును తగ్గించడానికి అనుసరించిన పద్ధతి తెలుసుకోదగినది. బళ్ళారి వైపు నుండి తుమకూరు వైపు వెళ్ళే 400 కిలోవోల్టుల లైనును దారిలో తుంచి, ఒక కొసను పార్కు ఉపకేంద్రంలోనికి తెచ్చి, రెండవ కొసను అక్కడి నుండి బయలుదేరదీశారు. ప్రధాన కాలువను కొద్దిగా మళ్ళించి చెరువు మీదుగా పోనిచ్చినట్లన్నమాట. మొత్తం దూరానికీ కొత్త లైను వేయవలసిన పని తప్పినది. పెరిగిన సామర్థ్యానికి తగిన ఇతర లైన్లు తరువాతి దశలో వచ్చినవి. లోపలి రోడ్లు, ఉపకేంద్రాలు, నేల ముందుగానే సిద్ధం చేసి, కంపెనీలకు 50 మెగావాట్ల చొప్పున ఖండాలు అప్పగించడం కూడా ఈ ఆలోచనలో భాగమే.

లైను నిర్మించినంత మాత్రాన ప్రణాళిక పూర్తి కాదు. విద్యుత్తును ధాన్యంలాగా గాదెలో పోసి ఉంచలేము. ఏ క్షణానికి ఎంత వాడకమో ఆ క్షణానికి అంత ఉత్పత్తి ఉండాలి. వాడకం మించితే దేశమంతటా తిరుగుతున్న జనరేటర్ల వేగం తగ్గి, పౌనఃపున్యం 50 హెర్ట్జ్‌ల నుండి పడిపోతుంది. 49.90, 50.05 హెర్ట్జ్‌ల నడుమ దానిని నిలిపి ఉంచడం లోడ్ డిస్పాచ్ కేంద్రాల బాధ్యత. కర్ణాటక రాష్ట్ర కేంద్రమూ, దక్షిణ ప్రాంతీయ కేంద్రమూ రెండూ బెంగళూరులోనే ఉన్నవి. అక్కడ రోజును పదిహేను నిమిషాల చొప్పున 96 భాగాలు చేసి, ఒక్కొక్క భాగానికి ఎవరు ఎంత ఇవ్వాలో ముందుగా నిర్ణయిస్తారు. పావగడపై రేపు మబ్బు పట్టుతుందా అన్న అంచనా కూడా ఆ లెక్కలోనిదే.

కఠినమైన వేళ మధ్యాహ్నం కాదు, సాయంత్రం. నాలుగు గంటలు దాటిన తరువాత ఫలకాల ఉత్పత్తి వేగంగా తగ్గుతూ, ఆరున్నర ప్రాంతానికి ఆగిపోతుంది. నగరంలో దీపాలు, లిఫ్టులు, వంటగదులు మేలుకొనే సమయం అదే. బొగ్గు కేంద్రాలను పగలు సగానికి మించి తగ్గించడమూ కష్టమే, సాయంత్రం ఒక్కసారిగా పెంచడమూ కష్టమే. శరావతి వంటి జలవిద్యుత్ కేంద్రాలు మాత్రం నిమిషాలలో పుంజుకోగలవు. శ్రీశైలం ఎడమగట్టు, నాగార్జునసాగర్ కేంద్రాలలో నీటిని మళ్ళీ పైకి తోడగల యంత్రాలు ఉన్నవి. దిగువన నీరు నిలిచి ఉంటే, పగటి మిగులు విద్యుత్తుతో దానిని పైకి ఎక్కించి, సాయంత్రం దింపుకొనవచ్చును. కర్ణాటకలో శరావతి లోయలో ప్రతిపాదించిన 2,000 మెగావాట్ల అటువంటి పథకం పశ్చిమ కనుమల అడవికి హాని చేస్తుందన్న ఆక్షేపణలను ఎదుర్కొంటున్నది. ఆ ఆక్షేపణలు తోసివేయదగినవి కావు.

పొరుగున మరొక సౌర పార్కు ఉన్నంత మాత్రాన సాయంత్రం కొరత తీరదు. కదిరి ప్రాంతంలోని ఎన్.పి.కుంటలోనూ, కర్నూలులోనూ పెద్ద సౌర పార్కులు ఉన్నవి. కానీ పావగడలో పొద్దు గ్రుంకినప్పుడే అక్కడా గ్రుంకుతుంది. గాలి వేరు. చిత్రదుర్గ, గదగ్ ప్రాంతాల గాలిమరలు జూన్ నుండి సెప్టెంబరు వరకు, సరిగ్గా మబ్బుల వలన సౌర ఉత్పత్తి తగ్గే నెలలలో, బాగా తిరుగుతాయి. 2013 డిసెంబరు 31న రాయచూరు–సోలాపూర్ లైను ద్వారా దక్షిణాది గ్రిడ్డు మిగిలిన దేశపు గ్రిడ్డుతో ఏకమైనందున, మిగులును ఉత్తరానికి పంపడానికి, కొరతను అక్కడి నుండి తీర్చుకోవడానికి కూడా వీలు కలిగినది.

రెండవ ఉపాయం వాడకాన్నే ఎండ వేళకు జరపడం. ఒకప్పుడు మోటార్లకు త్రీఫేజు కరెంటు అర్ధరాత్రి వచ్చేది. రైతు టార్చిలైటు పట్టుకొని, పాములకు భయపడుతూ మడికి నీరు కట్టవలసి వచ్చేది. సౌర విద్యుత్తు పెరిగిన తరువాత పంపుసెట్ల సరఫరాను పగటికి మార్చడం సాధ్యమైనది. గ్రిడ్డుకూ రైతుకూ ఒకేసారి మేలు చేసిన మార్పు ఇది. నగరవాసుల కొరకు 2023లో కేంద్రం వినియోగదారుల నియమావళిని సవరించినది. దాని ప్రకారం సౌర వేళలలో ధర మామూలు కంటే తక్కువగానూ, రద్దీ వేళలలో ఎక్కువగానూ ఉండాలి. ఆయా రాష్ట్రాల నియంత్రణ మండళ్ళ ఉత్తర్వులను బట్టి, స్మార్టు మీటర్లు వచ్చిన చోట ఇది అమలు కావాలి. మోటారుతో ట్యాంకు నింపుకోవడం, బట్టలు ఉతకడం మధ్యాహ్నానికి మార్చుకొనగల ఇంటికి ఇది లాభమే. పగలంతా పనికి పోయే దంపతుల ఇంటికి అంత తేలిక కాదు.

ఇక భూమి సంగతి. పావగడలో నేలను ప్రభుత్వం కొనలేదు, 28 ఏళ్ళ కౌలుకు తీసుకొన్నది. యాజమాన్యం రైతుదే. ఎకరాకు ఏడాదికి 21,000 రూపాయలు, రెండేళ్ళకొకసారి 5 శాతం పెంపు. బోరు ఎండిన మెట్ట పొలానికి ఇది నిలకడైన రాబడి. ఆ మేరకు ఇది భూసేకరణ కంటే న్యాయమైన దారి. అయితే లెక్క వేసి చూడాలి. పెంపును పెంపుపైనే లెక్కగట్టినా, ఆఖరి రెండేళ్ళలో కౌలు సుమారు 39,600 రూపాయలు, అనగా మొదటిదానికి రెండింతలు కూడా కాదు. ఈలోగా ధరలు ఏటా 5 శాతం చొప్పున పెరిగితే అవి మూడున్నర రెట్లు దాటుతాయి.

ఆ పొలాలలో కలుపు తీసి, కాయ వలిచి బ్రతికిన భూమిలేని కూలీలకు కౌలు రాదు. గొర్రెలు మేపుకొనేవారికీ రాదు. ఫలకాలు తుడవడం, గడ్డి కోయడం, కాపలా వంటి పనులు కొందరికి దొరికాయి గానీ, వేరుశనగ చేలు పిలిచినంత మందిని అవి పిలువలేవు. లైన్ల పటాన్ని గీసినంత శ్రద్ధగా ఈ పనిదినాల లెక్కను కూడా ముందే వేసి ఉండవలసినది.

నగరంలో స్థిరపడినవారికి దీనిలో ఒక ఆచరణీయమైన అంశం ఉన్నది. కౌలు సొమ్ము పహణీలో పేరున్నవారికే చెందుతుంది. చాలా కుటుంబాలలో పహణీ ఇంకా తాతగారి పేరుననో, ఊళ్ళో ఉన్న పెద్దన్నగారి పేరుననో ఉంటుంది. వాటా ఉన్నవారు వారసత్వ పత్రాలతో తాలూకా కార్యాలయంలో పేరు మార్పిడికి దరఖాస్తు చేసుకోవాలి. కౌలు గడువు ముగిసేనాటికి ఆ నేలను తిరిగి ఎవరు స్వీకరించాలన్నది కూడా ఆ పేర్లను బట్టే తేలుతుంది.