కింది రెప్ప లాగి చూశాక

పాలమూరు జిల్లాలో, తర్వాత దేవరకొండ తండాల్లో ముప్పై ఏండ్లకు పైగా నర్సమ్మగా తిరిగాను. కండ్ల కింద నలుపుకు మందు అడిగిన ఆడపిల్లలు సోకు కోసం అడుగుతున్నారని చాలాకాలం అనుకున్నాను. నా తర్వాత ఈ పనిలోకి వచ్చే నువ్వు ఆ తప్పు చేయకూడదనే ఇవి రాస్తున్నాను, బిడ్డా.

1. నలుపు దగ్గరే ఆగకు, కింది రెప్ప లాగి చూడు.

మక్తల్ వైపు ఒక ఊళ్లో కొత్తగా కాపురానికొచ్చిన పిల్ల "కండ్ల కింద నల్లగైతున్నది నర్సమ్మా" అన్నది. నేను సంచి భుజాన వేసుకొని నడుస్తూనే "నిద్ర సాల్తలేదు, జర పండుకో" అని వెళ్లిపోయాను. నెలన్నర తర్వాత నాట్లు వేస్తూ కండ్లు తిరిగి బురదలో పడింది. అప్పుడు వేలితో కింది రెప్ప లాగాను. ఎర్రగా ఉండాల్సిన లోపలి పొర నానబెట్టిన బియ్యంలా తెల్లగా ఉంది. పరీక్ష చేయిస్తే హిమోగ్లోబిన్ 6 గ్రాములు, పైగా మూడో నెల. గర్భిణికి 11 గ్రాములైనా ఉండాలి.

కంటి కింది చర్మం ఒంట్లో అన్నిటికన్నా పల్చన. రక్తం తగ్గి ముఖం పాలిపోతే అక్కడి నలుపు మరింత కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. నలుపున్న ప్రతివాళ్లకూ రక్తహీనత ఉంటుందని కాదు. కానీ 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన తెలంగాణలో 15 నుంచి 49 ఏండ్ల ఆడవాళ్లలో సగానికి పైగా రక్తం తక్కువవాళ్లేనని తేలింది. అలాంటి చోట రెప్ప లాగి చూడకుండా సలహా చెప్పడం నా తప్పే.

ఇంకో తప్పు కూడా చేశాను. ఇనుము మాత్రలు చేతిలో పెట్టి వచ్చేదాన్ని. ఒకసారి అదే పిల్ల ఇంటి చూరులో మూడు షీట్లు చెక్కుచెదరకుండా దొరికాయి. దొడ్డికి నల్లగా వస్తుంటే భయపడి మానేసిందట. అలా రావడం మామూలేనని నేను ముందే చెప్పలేదు. మాత్ర వెంట చాయ్ తాగితే ఇనుము ఒంటికి సరిగా పట్టదని, నిమ్మరసమో ఉసిరికాయో తోడైతే బాగా పడుతుందని ఆ తర్వాతే ఇంటింటికీ చెప్పడం మొదలుపెట్టాను. తైదంబలి, మునగాకు, తోటకూర మన పెరట్లోవే. అయితే 6 గ్రాములున్న మనిషిని కూరలు తినమని వదిలేయకూడదు, దవాఖానకు తీసుకుపోవాలి.

2. నిద్ర లేదంటే, ఎందుకు లేదో అడగాలి.

మా ఇంటాయనది బోరు కింద వ్యవసాయం. కరెంటు రాత్రి ఒంటిగంటకొచ్చినా లేచి, బ్యాటరీ లైటు పట్టుకొని మోటరు వేయడానికి పోయేవాడు. పామో, షాకో అని ఆయన తిరిగొచ్చేదాకా నాకు కన్ను మూతపడేది కాదు. నేనే ఆ బతుకు బతుకుతూ, పొద్దున మరో రైతు భార్యకు "ఎనిమిది గంటలు పండుకో" అని ఎలా చెప్పగలిగానో ఇప్పటికీ అర్థం కాదు. 2018 జనవరి 1 నుంచి సేద్యానికి 24 గంటల కరెంటు వచ్చాక పగటిపూటే నీళ్లు పెట్టుకున్నాడు. కొన్నాళ్లకు ఆయన కండ్ల కింద నలుపు పల్చబడింది. గుంటలు మాత్రం పూడలేదు. వయసుతో అక్కడి కొవ్వు తగ్గి పడే నీడ అది, నిద్రతో పోదు.

3. కండ్లను రుద్దే చెయ్యి ఆగాలి.

పత్తి ఏరే రోజుల్లో దుమ్ము పడి దురద పెడితే కొంగుతో గట్టిగా రుద్దుకుంటారు. రుద్దినకొద్దీ చర్మం నల్లబడుతుంది. చల్లటి నీళ్లతో కడుక్కొని, తడిగుడ్డ అద్దుకుంటే చాలు. దురద ప్రతి ఏడూ వస్తుంటే అది అలర్జీ కావచ్చు, మందుంది. ఎండలోకి పోయేటప్పుడు తలగుడ్డ కండ్ల మీద నీడ పడేలా ముందుకు లాక్కోవాలి. పడుకునే ముందు కాటుక కడుక్కోవాలి.

4. వారంలో తెల్లబరిచే క్రీముకు దూరంగా ఉండు.

మా ఆడబిడ్డ కూతురు పెండ్లిచూపులని ఒక డబ్బా తెచ్చుకుంది. నా కండ్లముందే పూసుకుంది, నేను వద్దనలేదు. మొదట తెల్లగానే అయింది. మానేయగానే మంట, ఎరుపు, మునుపటికన్నా నలుపు. అందులో స్టెరాయిడ్ ఉందని చర్మ డాక్టరు చెప్పాడు. అది చర్మాన్ని ఇంకా పల్చన చేస్తుంది, కంటి చుట్టూ ఎక్కువకాలం రాస్తే కంట్లో ఒత్తిడి పెరగొచ్చు. నర్సమ్మనైన నేను ఆ డబ్బా మీద ఏం రాసుందో ఒక్కసారి చదవాల్సింది.

5. తల్లి నుంచి వచ్చిన నలుపు రోగం కాదు.

మా అమ్మకుండేది, నాకుంది, నా బిడ్డకూ ఉంది. చిన్నప్పుడు నా బిడ్డను చూసినప్పుడల్లా "ముఖం ఎట్లయిందో సూడు" అనేదాన్ని. ప్రేమతోనే అన్నాను, కానీ అది ఫోటోలు దిగడం మానేసింది. దాని పదో తరగతి తర్వాతి ఫోటో మా ఇంట్లో ఒక్కటీ లేదు. పోయిన సంక్రాంతికి వచ్చినప్పుడు కింది రెప్ప లాగి చూశాను. ఎర్రగా, నిండుగా ఉంది. "నీకేం రోగం లేదు బిడ్డా, ఇది మీ అమ్మమ్మ కన్ను" అన్నాను. ముప్పై ఎనిమిదేండ్ల దానికి ఆ మాట నేను చెప్పడం అదే మొదటిసారి.