శని చందమామ మీద వాన

మిరుగు దాటింది. వాన జాడ లేదు. అరుగు మీద ఆడవాళ్ళు మొగులు దిక్కు చూస్తున్నారు.

"ఊరికి ఏం శని పట్టిందో" అన్నది ఒక ముసలవ్వ.

శని ఎవరినీ పట్టడు. శని ఒక గ్రహం. మన భూమి లాగానే సూర్యుని చుట్టూ తిరుగుతుంది. ఒక చుట్టు తిరగడానికి 29న్నర ఏండ్లు పడుతుంది. ఆకాశంలో రాశులు 12. అంటే రాశికి దాదాపు రెండున్నర ఏండ్లు. మూడు రాశులకు ఏడున్నర. ఏలినాటి శని లెక్క ఇదే. అది నడక లెక్క, కోపం లెక్క కాదు.

మనకు చందమామ ఒక్కటే. శనికి చాలా ఉన్నాయి. వాటిలో పెద్దది టైటాన్. 1655లో హైగెన్స్ అనే ఆయన దాన్ని దుర్భిణితో చూశాడు. టైటాన్ మీద గాలి ఉంది. మబ్బులు ఉన్నాయి. వాన కూడా పడుతుంది. అయితే అది నీళ్ళ వాన కాదు. మీథేన్ వాన.

మీథేన్ అంటే కొత్తదేమీ కాదు. పెండతో నడిచే గోబర్ గ్యాసు పొయ్యిలో నీలంగా మండేది అదే. గోదావరిఖని, మందమర్రి దిక్కు బొగ్గు బాయిలలో ఊరేదీ అదే. అందుకే బాయిలోకి బీడీ, అగ్గిపెట్టె తీసుకపోనియ్యరు.

మన దగ్గర గాలిలా ఉండే గ్యాసు అక్కడ నీళ్ళలా ఎట్లా అయింది? చలి వల్ల. నీళ్ళు గడ్డకట్టే చలి కన్నా అక్కడ ఇంకా 179 డిగ్రీలు తక్కువ. ఆ చలికి గ్యాసు చుక్కలవుతుంది. నీళ్ళయితే బండరాయిలా గట్టిపడతాయి. అక్కడి గులకరాళ్ళు మంచుగడ్డలే.

"మరి గ్యాసు వాన పడితే అంటుకోదా?" అని అడగవచ్చు. అంటుకోదు. మంటకు ఆక్సిజన్ కావాలి. వెలిగే దీపం మీద గిన్నె బోర్లిస్తే ఏమవుతుంది? ఆరిపోతుంది. టైటాన్ గాలిలో ఆక్సిజన్ లేదు.

అక్కడ బరువు తక్కువ. ఇక్కడ ఏడు కిలోలు తూగే మక్కల సంచి అక్కడ కిలో అంత తేలిక. అందుకే వాన చినుకు కూడా మెల్లగా దిగుతుంది. కానీ చినుకు మన చినుకు కన్నా పెద్దది.

2005 జనవరి 14న ఒక యంత్రం అక్కడ దిగింది. దానికి హైగెన్స్ పేరే పెట్టారు. అది ఫొటోలు పంపింది. మానేరు వాగులో రాళ్ళు నీళ్ళకు ఒరిసి నున్నగా అవుతాయి కదా, ఆ ఫొటోల్లో రాళ్ళు కూడా అట్లనే గుండ్రంగా ఉన్నాయి. నేల తడిగా ఉంది. టైటాన్ ఉత్తరం కొసన పెద్ద పెద్ద చెరువులు, సముద్రాలు కూడా ఉన్నాయి. అన్నీ గ్యాసు నీళ్ళే.

అక్కడ ఒక్కొక్క కాలం ఏడేండ్ల పైనే. నడుమ భాగం ఎడారి, ఇసుక దిబ్బలు. అక్కడ వాన బహు అరుదు. 2010లో ఆ దిక్కు పెద్ద మబ్బు పట్టింది. తరువాత నేల నల్లబడి కనిపించింది. వాన పడి తడిసిందని శాస్త్రజ్ఞులు గుర్తుపట్టారు.

ఇప్పుడు నాసా వాళ్ళు ఇంకొక యంత్రం తయారు చేస్తున్నారు. దాని పేరు డ్రాగన్‌ఫ్లై, అంటే తూనీగ. 2028లో బయలుదేరితే 2034లో చేరుతుందని లెక్క. అది ఒక్క చోట కూర్చోదు. ఎగిరి, దిగి, మళ్ళీ ఎగిరి, ఆ ఇసుక దిబ్బల దిక్కు తిరుగుతుంది.