మాల్టీస్ ఫాల్కన్ నేర్పిన డీబగ్గింగ్

ఈసారి కొత్త భాష గురించో, కొత్త డేటాబేసు గురించో కాకుండా ఒక పాత బ్లాక్ అండ్ వైట్ సినిమా గురించి రాస్తున్నాను. శీర్షిక మారిపోయిందేమోనని కంగారు పడకండి. తిరిగి తిరిగి మన లాగ్ ఫైళ్ళ దగ్గరికే వస్తాం. ఒక్క హెచ్చరిక మాత్రం: హత్య ఎవరు చేశారో ఇందులో చెప్పేస్తాను. సినిమా చూడనివాళ్ళు ముందు అది చూసి వస్తే మంచిది. గంటా నలభై నిమిషాల పనే.

నా చిన్నప్పుడు డిటెక్టివ్ అంటే కొమ్మూరి సాంబశివరావు గారి యుగంధరే. అద్దెకి తెచ్చుకున్న పుస్తకం మర్నాడు తిరిగి ఇచ్చెయ్యాలి కనక, హంతకుడెవరో తెలిస్తే చాలన్నట్టు చదివేవాణ్ణి. ఎలా తెలిసిందన్నది పట్టించుకునేవాణ్ణి కాదు. ఉద్యోగంలో చేరాక కూడా ఆ అలవాటు పోలేదు. దానివల్ల ఏమయిందో కాసేపట్లో చెప్తాను.

'ది మాల్టీస్ ఫాల్కన్' 1941లో వార్నర్ బ్రదర్స్ వారు తీసిన సినిమా. మూలం డాషియల్ హామెట్ నవల. 1929లో 'బ్లాక్ మాస్క్' అనే పత్రికలో ధారావాహికగా మొదలై, 1930లో పుస్తకంగా వచ్చింది. హామెట్ పింకర్టన్ సంస్థలో నిజంగానే డిటెక్టివ్‌గా పనిచేసినవాడు. అందుకేనేమో ఆ నవల చదువుతుంటే రిపోర్టు చదువుతున్నట్టే ఉంటుంది. ఎవరు ఏం చేశారు, ఏం అన్నారు, అన్నప్పుడు మొహం ఎలా పెట్టారు, అంతే. ఎవరి మనసులో ఏముందో రచయిత చెప్పడు. మనమే తేల్చుకోవాలి.

మన పాఠకులకి ఇంకా ఆసక్తి కలిగించే సంగతి, ఇది ఆ నవలకి మూడో వెర్షను! అదే స్టూడియో 1931లో ఒకసారి తీసింది. 1936లో 'సేటన్ మెట్ ఎ లేడీ' అని పేరు మార్చి, కథని హాస్యం వైపు తిప్పి, డేగ బొమ్మ బదులు ఒక పాత కొమ్ముబూర పెట్టి మళ్ళీ తీసింది. బెట్టీ డేవిస్ అంతటి నటి ఉండి కూడా అది నిలబడలేదు. మూడోసారి ఆ పని జాన్ హ్యూస్టన్ చేతికొచ్చింది. అప్పటిదాకా ఆయన స్క్రిప్టులు రాసేవాడు. దర్శకత్వం అదే మొదలు. ఆయన చేసిన గొప్ప పని ఏమిటంటే, కొత్తగా ఏమీ కలపకపోవడం. నవలని ఉన్నదున్నట్టు నమ్మి, సంభాషణలు చాలావరకు అందులోవే తీసుకున్నాడు. ప్రతి షాటుకీ ముందే బొమ్మ గీసుకున్నాడు. కథ జరిగే వరసలోనే చాలావరకు తీసుకుంటూ పోయి, అనుకున్న గడువులోపల, అనుకున్న ఖర్చులోపల ముగించాడు. మొదటి రెండు టీములు అవసరాల పత్రం సరిగ్గా చదవలేదు, మూడో టీము చదివింది అనుకోవచ్చు.

కథానాయకుడు సామ్ స్పేడ్ పాత్ర ముందు జార్జ్ రాఫ్ట్ దగ్గరికి వెళ్ళింది. అనుభవం లేని దర్శకుడితో చెయ్యనన్నాడాయన. అలా అది హంఫ్రీ బోగార్ట్‌కి దక్కింది. లావుపాటి విలన్‌గా వేసిన సిడ్నీ గ్రీన్‌స్ట్రీట్ అప్పటిదాకా నాటకాల మనిషి. 61 ఏళ్ళ వయసులో అదే మొదటి సినిమా, దానికే ఆస్కార్ నామినేషను! ఛాయాగ్రాహకుడు ఆర్థర్ ఎడిసన్, బోగార్ట్, గ్రీన్‌స్ట్రీట్, పీటర్ లోరీ, ఈ నలుగురూ మరుసటి ఏడాది 'కాసాబ్లాంకా'లో మళ్ళీ కలిశారు.

ఇక అసలు కేసు. శాన్‌ఫ్రాన్సిస్కోలో స్పేడ్, మైల్స్ ఆర్చర్ అనే ఇద్దరు భాగస్వాములు డిటెక్టివ్ ఆఫీసు నడుపుతుంటారు. ఒక అందమైన అమ్మాయి వచ్చి, మా చెల్లెల్ని థర్స్‌బీ అనేవాడు లేవదీసుకొచ్చాడు, వాణ్ణి వెంబడించండి అంటుంది. ఆ రాత్రే ఆర్చర్ హత్యకి గురవుతాడు. తర్వాత థర్స్‌బీ కూడా. ఆపైన విలువైన డేగ బొమ్మ, దాని వెంట పడే దొంగలు, అబద్ధం మీద అబద్ధం. ప్రేక్షకుడు బొమ్మ వెంట పరుగెత్తి ఆర్చర్‌ని మర్చిపోతాడు. ఆర్చర్‌ని థర్స్‌బీయే చంపి ఉంటాడని అనుకుని ఊరుకుంటాడు.

కానీ హత్య జరిగిన చోట పోలీసు స్పేడ్‌కి ఒక సంగతి చెప్తాడు. ఆర్చర్ తుపాకి నడుముకే ఉంది. పైకోటు బొత్తాలు పెట్టే ఉన్నాయి. సినిమా మొదట్లోనే, అందరి ముందూ చెప్పిన మాట. చివర్లో స్పేడ్ దాన్నే బయటికి తీస్తాడు. ఆర్చర్ పెద్ద తెలివైనవాడు కాకపోవచ్చు, కానీ ఏళ్ళ అనుభవం ఉంది. తను వెంబడిస్తున్న మనిషి ఎదురుగా, చీకటి సందులోకి, కోటు బొత్తాలు పెట్టుకుని, తుపాకి తియ్యకుండా పోడు. కాబట్టి థర్స్‌బీ కాదు. ఎవరి పక్కన అలా నిర్భయంగా నడుస్తాడు? తను నమ్మిన మనిషి పక్కన. అంటే, వాళ్ళ దగ్గరికి పనికోసం వచ్చిన ఆ అమ్మాయి, బ్రిజిడ్. అప్పటికి స్పేడ్ ఆమెని ప్రేమించాడు కూడా. అయినా పోలీసులకి అప్పగిస్తాడు.

ఇప్పుడు నా కేసు. 2004లో ఒక బ్యాంకు ప్రాజెక్టులో ఉండేవాణ్ణి. రాత్రిపూట నడిచే బ్యాచ్‌లో ఒకరోజు మొత్తాలు తప్పొచ్చాయి. కొన్ని లావాదేవీలు రెండేసిసార్లు పడ్డాయి. సరిగ్గా ముందురోజే మన తెలుగు కుర్రాడొకడు రిపోర్టు ప్రోగ్రాములో మార్పు చేశాడు. ఇంకేం, అందరి వేళ్ళూ అతని వైపే. మేనేజరు అడిగితే నేనూ "అదే అయ్యుంటుంది" అన్నాను. ఆ ఒక్క మాటతో అతన్ని ప్రాజెక్టు నించి తీసేశారు. వీసా మీద ఉన్నవాడికి బెంచి మీద కూర్చోవడమంటే ఏమిటో మీకు వేరే చెప్పక్కర్లేదు.

అతను వెళ్ళిన తొమ్మిదో రోజున మళ్ళీ అదే తప్పు వచ్చింది. అప్పుడు మొదటిరోజు లాగ్ తీసి, పైనించి కిందికి, ఒక్కొక్క వరసా చదివాను. రెండు గంటల పది నిమిషాలకి ఫైలు లోడ్ చేసే ప్రోగ్రాము మధ్యలో ఆగి, మళ్ళీ మొదలైనట్టు ఉంది. అతని ప్రోగ్రాము మొదలైంది మూడింటికి. అంటే అది కదలకముందే డేటాబేసులో వరసలు రెండేసి ఉన్నాయి. లోడ్ ప్రోగ్రాము రాసింది నేను. నెట్‌వర్కు తెగితే, అప్పటికే పడిన వరసలు చెరపకుండా ఫైలుని మొదటినించి మళ్ళీ చదువుతుంది. మూడేళ్ళపాటు నెట్‌వర్కు తెగలేదు కనక బయటపడలేదు, అంతే.

ఆ వరస నేను మొదటిరోజే చూశాను. నా ప్రోగ్రాము కదా అని దాటిపోయాను. అదే నా బొత్తాలు పెట్టిన కోటు.

మేనేజరుకి నిజం చెప్పి, కుర్రాడికి ఫోను చేశాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "మీరు లాగ్ చదివే చెప్పారనుకున్నాను, అన్నా" అన్నాడు. తిట్టినా అంత బాధపడేవాణ్ణి కాదు. అతనికి రెండు నెలల తర్వాత వేరేచోట పని దొరికింది. అది నా గొప్పేం కాదు.

అప్పటినించి మూడు పనులు చేస్తున్నాను. మొదటిది, హామెట్ రాసినట్టు రాయడం: ఏం జరిగింది, ఎన్నింటికి జరిగింది, అంతే; ఎందుకు జరిగిందో ఆ కాగితం మీద రాయను. రెండోది, ప్రతి వరసనీ "ఇది నిజమైతే ఏది కుదరదు?" అని అడగడం. కోటు బొత్తాలు హంతకులెవరో చెప్పలేదు, థర్స్‌బీ కాదని చెప్పాయి. ముందు అది చాలు. మూడోది, అన్నిటికన్నా కష్టమైనది: అనుమానితుల జాబితాలో మొదటి పేరు నా ప్రోగ్రాముది. ఎందుకంటే నేను నిర్భయంగా పక్కన నడిచేది దానితోనే.

సినిమా చివర్లో అందరూ కొట్టుకున్న ఆ డేగ బొమ్మ ఉత్త సీసం ముద్దని తేలుతుంది. ఆ రోజు నేను పట్టుకున్నాననుకున్న తప్పూ అలాంటిదే. మీ టీములో ఈ వారం ఎవరి మీదైనా వేలు చూపించే ముందు, దయచేసి లాగ్ ఒక్కసారి మొదటి వరస నించి చదవండి. అవతల ఎవరిదో ఉద్యోగం ఉంటుంది.