బెంజమిన్ లే

అది 1738వ సంవత్సరము సెప్టెంబరు మాసము. అమెరికాలోని న్యూజెర్సీ సీమలో, బర్లింగ్టన్ పట్టణమున, క్వేకరుల వార్షిక సభ జరుగుచుండెను. క్వేకరులు క్రైస్తవులలో నొక శాఖవారు. వారి ప్రార్థనలో పురోహితుడుండడు. అందఱును మౌనముగా కూర్చుందురు. ప్రేరణ కలిగినవారు లేచి మాటాడుదురు. యుద్ధము వారికి నిషిద్ధము. అట్టి సభలోనికి కత్తి తెచ్చుట యెవరును ఊహింపజాలని పని.

ఆ నిశ్శబ్దములో నొక మనుష్యుడు లేచెను. అతడు నాలుగడుగుల పొట్టివాడు, గూనివాడు. ఒడలినిండ పెద్ద అంగీ కప్పుకొని, చేత లావుపాటి గ్రంథమును పట్టియుండెను. అతడే బెంజమిన్ లే. ఆ సంఘమున ధనవంతులైన పెక్కుమంది ఆఫ్రికా ప్రజలను బానిసలుగా నుంచుకొన్నవారే. మానవులందఱు సమానులని పలుకుచు మానవులను కొనుట కపటము కాదా యని అతడు వారిని నిలదీసెను. అంతలో అంగీని విసరివైచెను. లోపల సైనికుని దుస్తులు, మొలను కత్తి! తోడివారిని బానిసలుగా జేయువారి రక్తమును దేవుడిట్లే చిందించునని పలికి, గ్రంథమును పైకెత్తి కత్తితో పొడిచెను. ఎఱ్ఱని ధార చివ్వున చిమ్మి ప్రక్కవారి బట్టలపై పడెను.

అది రక్తము కాదు. గ్రంథపు పుటలను తొలిచి, ఎఱ్ఱని పండ్లరసముతో నింపిన తిత్తి నతడు అందులో దాచియుంచెను. సభవారతనిని ఎత్తి బయట దింపిరి.

ఇంత పట్టుదల యెట్లు కలిగెను? లే 1682లో ఇంగ్లండులో జన్మించెను. గొఱ్ఱెలు కాచెను, చేతితొడుగులు కుట్టెను, నావికుడై సముద్రములు తిరిగెను. భార్య సారాతో బార్బడోసు దీవిలో దుకాణము పెట్టినప్పుడు, చెఱకుతోటల బానిసలు ఆకలికి తాళలేక అందలి సరకులు దొంగిలించెడివారు. లే వారిని కొరడాతో కొట్టెను! పిదప వారి బ్రతుకు తెలిసి, తన చేతులను తానే అసహ్యించుకొనెను. ఆ పశ్చాత్తాప మతనిని జీవితాంతము విడువలేదు. బానిసల చెమటతో పండిన చక్కెరను అతడు ముట్టలేదు. తన బట్టలను తానే నేసికొనెను.

1732లో ఫిలడెల్ఫియా చేరగా అక్కడను బానిసలే కనబడిరి. 1688లోనే జర్మన్‌టౌనులో నలుగురు ఈ దురాచారమును ఖండించుచు విజ్ఞప్తి వ్రాసిరి గాని, పెద్దలు దానిని ప్రక్కకు పెట్టిరి. మాటలు చెవి కెక్కనిచోట లే కన్నులకు చూపదలచెను. ఒకనాడు మంచులో, ఒక కాలికి జోడు లేకుండ, ప్రార్థనామందిరపు గుమ్మమున నిలిచెను. జబ్బుచేయునని జాలిపడినవారితో, చాలని బట్టలతో పొలములలో వణకు బానిసలపై మీకీ జాలి యేల లేదని యడిగెను.

1738లో సంఘ మతనిని వెలివేసెను. ఇరువది యేండ్లకు, 1758లో, బానిసలను కొనువారిని, అమ్మువారిని సంఘకార్యములలో చేర్చరాదని అదే సంఘము నిర్ణయించెను. ఆ వార్త విని, ఇక శాంతితో కన్నుమూయుదునని లే పలికెనట. మఱుసటి యేడు మరణించెను. 1776లో ఫిలడెల్ఫియా క్వేకరులు బానిసల నుంచుకొనుటనే నిషేధించిరి.

2023లో లండనులోని ఒక చిన్న నాటకశాలలో లే జీవితము ఏకపాత్ర నాటకముగా ప్రదర్శింపబడెను. అందులో లే మరల ప్రాణముతో వచ్చి, వెలివేసిన తన్ను తిరిగి చేర్చుకొనుడని అడుగును.