పసుపు ఎర్రబడింది: రికార్డులో రాయడం ఎలా?

కొత్త కోడలు గడప దగ్గర నిలబడితే ఎర్రనీళ్లతో దిష్టి తీస్తారు. పళ్లెంలో నీళ్లు, చిటికెడు పసుపు, వేలి కొనకు అంటినంత సున్నం. అంతే, నీళ్లు ఎర్రబడతాయి. పెళ్లికూతురి పాదాలకు పెట్టే పారాణిలోనూ ఇదే కిటుకు. హైస్కూలు సైన్సు పుస్తకంలో ఆమ్లాలు, క్షారాల పాఠం చెప్పేదీ ఇదే. వంటింట్లో ఒక ప్రయోగం చేసి రాసుకు రమ్మని బడిలో చెబితే, మొదటిసారి రాసేవాళ్లకు ఇంతకంటే తేలికైనది దొరకదు.

చేయడానికి అరగంట చాలు. అసలు పని రాయడంలో ఉంది. చాలామంది ముందు గైడు చూసి ఫలితం రాసేసుకుని, ఆ తర్వాత ప్రయోగం చేస్తారు. కొందరు చేయనే చేయరు. మనం వరస మారుద్దాం.

మొదట రఫ్ నోటుబుక్కు

రికార్డు పుస్తకం ఇప్పుడే తెరవొద్దు. రఫ్ పుస్తకంలో తేదీ వేసి, ఒక ప్రశ్న రాయండి. ‘పసుపు గుణాలు’ అన్నది ప్రశ్న కాదు. ‘వంటింట్లోని ఏయే ద్రవాలు పసుపు రంగును మారుస్తాయి?’ అన్నది ప్రశ్న. రికార్డులో ‘ఉద్దేశం’ కింద వచ్చేది ఇదే. దాని కిందే మీ ఊహ రాయండి. పుస్తకాల్లో దీన్ని పరికల్పన అంటారు. ‘సబ్బునీళ్లు మారుస్తాయి, నిమ్మరసం మార్చదు అనుకుంటున్నాను’ అంటే సరిపోతుంది. ఊహ తప్పినా తర్వాత దిద్దకూడదు.

కావలసినవి, కొలతలతో

ఖైరతాబాద్‌లో ఉన్నవాళ్లు వీటి కోసం తిరగక్కర్లేదు. సున్నం పాన్ డబ్బాలో దొరుకుతుంది, మిగతావన్నీ వంటింట్లోనే ఉంటాయి. రికార్డు పుస్తకం లేకపోతే ఆబిడ్స్, కోఠి స్టేషనరీ షాపులు ఎలాగూ ఉన్నాయి.

ఒక చెంచా పసుపును కొద్ది నీళ్లతో ముద్దలా కలిపి, తెల్ల కాగితానికి రెండు వైపులా పూసి ఆరబెట్టండి. ఆరాక వేలెడంత ముక్కలుగా కత్తిరించండి. చిన్న గిన్నెల్లో నిమ్మరసం, చింతపండు పులుసు, ఉప్పునీళ్లు, వంటసోడా కలిపిన నీళ్లు, సబ్బునీళ్లు, సున్నపు తేట, వీటితో పాటు ఉత్త మంచినీళ్లు పెట్టుకోండి. మంచినీళ్లు ఎందుకంటారా? తడిస్తేనే పసుపు కాగితం కాస్త ముదురుగా కనిపిస్తుంది. ఆ తేడా నీటిదా, సబ్బుదా అని తేల్చడానికి పోల్చి చూసే ముక్క ఒకటి ఉండాలి.

‘కొంచెం వంటసోడా’ అని రాస్తే చదివేవాళ్లకు ఏమీ తెలియదు. ‘అర గ్లాసు నీళ్లలో ఒక చెంచా’ అనాలి. ఖైరతాబాద్ పిల్లలకు కొలతల సంగతి ఒకరు చెప్పాలా! ఇక్కడి గణపతి 1954లో ఒక్క అడుగు, 2024లో 70 అడుగులు. ‘చాలా పెద్ద విగ్రహం’ అంటే ఊరుకుంటారా మీరు?

సున్నం విషయంలో మాత్రం ఆటలొద్దు. కంట్లో పడితే చూపుకే ముప్పు. సున్నాన్ని పెద్దవాళ్లే నీళ్లలో కలపాలి, తేరిన తర్వాత పైతేట మాత్రమే వాడాలి. కంట్లో పడిందా, వెంటనే ధారగా నీళ్లతో చాలాసేపు కడిగి ఆస్పత్రికి వెళ్లాలి. ఇది రికార్డులో ‘జాగ్రత్తలు’ కింద తప్పకుండా రాయాల్సిన మాట.

చూసింది చూసినట్టు

ఒక్కో ముక్క మీద ఒక్కో చుక్క వేయండి. ద్రవం మారినప్పుడల్లా చెంచా కడగండి. పట్టికలో మూడు గడులు చాలు: ద్రవం పేరు, చుక్క వేయకముందు రంగు, వేసిన తర్వాత రంగు. చుక్క వేసిన వెంటనే నింపండి, అన్నీ అయ్యాక గుర్తు తెచ్చుకుని కాదు.

చిక్కు వచ్చేది ఇక్కడే. పుస్తకం ‘క్షారాలు పసుపును ఎర్రగా మారుస్తాయి’ అంటుంది. సున్నపు తేటతో ఎరుపు బాగా తేలుతుంది. వంటసోడా బలహీనమైన క్షారం కాబట్టి రంగు అంత ముదరదు, నారింజ దగ్గరే ఆగిపోవచ్చు. అప్పుడు ‘ఎరుపు’ అని రాయకండి, నారింజ అనే రాయండి. చింతపండు పులుసుకు తన రంగే ఉంది, అది కాగితం మీద గోధుమ మరక వేస్తుంది. ఆ సంగతీ రాయండి. శాస్త్రవేత్త రాబర్ట్ బాయిల్ 1661లో అచ్చువేసిన పుస్తకంలో కుదరని ప్రయోగాల మీదే రెండు వ్యాసాలు ఉన్నాయి. అంతటివాడికి లేని మొహమాటం మనకెందుకు?

ఇంకొకటి చేసి చూడండి. ఎర్రబడిన ముక్క మీద నిమ్మరసం వేస్తే మళ్లీ పసుపు తిరిగి వస్తుంది. నా ఉద్దేశంలో మొత్తం ప్రయోగంలో ఇదే ముచ్చటైన భాగం, దీన్ని పట్టికలో వేరే వరసగా పెట్టండి.

ఇప్పుడు రికార్డు

ఎడమవైపు తెల్ల పేజీలో పెన్సిల్‌తో బొమ్మ, పట్టిక. కుడివైపు గీతల పేజీలో పెన్నుతో ఉద్దేశం, పరికల్పన, కావలసినవి, విధానం, పరిశీలన, నిర్ధారణ, జాగ్రత్తలు. బొమ్మలో గిన్నెలకు పేర్లు రాస్తే చాలు, పువ్వుల అంచులు అక్కర్లేదు. ‘తీసుకొనబడినది’, ‘వేయబడినది’ లాంటి బరువు మాటలు ఎందుకు? మీ సార్ పట్టుబట్టకపోతే ‘తీసుకున్నాను’, ‘వేశాను’ అని హాయిగా రాయండి.

పరిశీలనలో కంటికి కనిపించినదే ఉండాలి, కారణం నిర్ధారణలోకి వెళ్తుంది. కారణం ఇది: పసుపుకు ఆ రంగునిచ్చే కర్‌క్యుమిన్ అనే పదార్థం క్షార ద్రావణంలో రూపం మార్చుకుని ఎర్రబడుతుంది. పసుపు చెప్పలేనిది కూడా ఒక వాక్యంలో రాయాలి. నిమ్మరసంలోనూ ఉప్పునీళ్లలోనూ అది పచ్చగానే ఉంటుంది కాబట్టి ఏది ఆమ్లమో, ఏది తటస్థమో దీనితో తేలదు. అందుకు లిట్మస్ కాగితం కావాలి. ఈ ఒక్క వాక్యం చాలామంది రికార్డుల్లో ఉండదు.

సంతకానికి ఇచ్చే ముందు రికార్డును పక్కింటి నేస్తానికి ఇవ్వండి. మిమ్మల్ని ఏమీ అడగకుండా అదే ప్రయోగం చేయగలగాలి. ఎక్కడ ఆగి ‘ఎంత?’, ‘ఎప్పుడు?’ అని అడిగితే అక్కడ ఒక మాట చేర్చండి.